బందరు తాత సమాధి కోసం: బందరు నుంచి దుమ్ముగూడెం దాకా

మా ఇంట్లో అందరూ బందరు తాత అని పిలుచుకునే ఆయన వరస ప్రకారం మా ముత్తాతకి తాత. అసలు పేరు ఇక్కడ రాయను, మా బంధువుల్లో ఇప్పటికీ ఆ పేరు పెట్టుకుని తిరిగేవాళ్ళున్నారు. ఆయన గురించి మా వాళ్ళు చెప్పేది చాలా కొంచెం. నోబుల్ దొర బడిలో చదివాడట, మిషన్‌లో ఉపదేశిగా, అంటే పాదిరీ కింద బోధించేవాడిగా చేశాడట, ఉప్పెనలో బతికి బయటపడ్డాడట. ఉప్పెన అంటే మా బాబాయి తరానికి 1977 దివిసీమ ఉప్పెనే గానీ ఇది అంతకు నూరేళ్ళ ముందుది. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం 13 అడుగుల ఎత్తున బందరు మీద పడి ఊరిలోనూ చుట్టుపక్కలా కలిపి 30,000 మంది దాకా పోయిన ఉప్పెన.

నోబుల్ బడి మాట నేనెప్పుడూ నమ్మలేదు. రాబర్ట్ నోబుల్ 1841లో బందరు వచ్చి 1843లో తెరిచిన బడి పై కులాల పిల్లల కోసం పెట్టింది, మాల మాదిగ పిల్లల్ని అందులో చేర్చుకోలేదు, మా వాళ్ళేమో మాలపల్లె నుంచి వచ్చినవాళ్ళు. మిషన్‌కి వేరే బడులుండేవి, షార్కీ దొరసాని ఆడపిల్లల బోర్డింగు ఒకటి నడిపేది, అలాంటి వాటిలో ఎక్కడో నాలుగక్షరాలు నేర్చుకుని ఉంటాడు, ఆ తర్వాత ఎవరో పరువు కోసం నోబుల్ పేరు తగిలించారు. సరే, చదువు సంగతి ఎలా ఉన్నా, ఉప్పెన తర్వాత ఆయన ఏమయ్యాడో ఎవరూ చెప్పలేకపోయేవాళ్ళు. ఏటా నవంబరు 2న సమాధుల పండక్కి మేం సున్నం వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించే సమాధుల్లో అన్నిటికంటే పాతది మా ముత్తాతది. ఆ పైవాళ్ళు ఎక్కడున్నారని అడిగితే "బందర్లోనే ఎక్కడో" అనేవారు.

బయల్దేరే ముందు ఇంట్లో కూర్చుని చేయగలిగిందంతా చేశాను. కంపెనీ రోజుల్నుంచీ ఇంగ్లీషు చర్చి చాప్లిన్లు, అంటే కంపెనీ జీతమిచ్చే పాదిరీలు, ఇచ్చిన బాప్తిస్మాలు, చేసిన పెళ్ళిళ్ళు, భూస్థాపనలు రిజిస్టర్లో ఎక్కించి దాని నకలు మద్రాసు పంపేవాళ్ళు, మద్రాసులో గుమాస్తాలు ఇంకో నకలు రాసి లండన్ పంపేవాళ్ళు. ఆ లండన్ నకళ్ళే ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. మద్రాసువి ఎన్/2 అనే వరసలో 1698 నుంచీ దొరుకుతాయి, బెంగాల్‌వి ఎన్/1, బొంబాయివి ఎన్/3. చాలా భాగం ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి చూడొచ్చు. రాత్రుళ్ళు కూర్చుని బందరు పేజీలన్నీ తిప్పాను. దొరలు, దొరసానులు, పురిట్లో పోయిన వాళ్ళ బిడ్డలు, ఫిరంగి దళం సార్జెంట్లు, ఆంగ్లో ఇండియన్ గుమాస్తాలు. మన పేరున్న మనిషి ఎక్కడో ఒకరు. మిషనరీలు మన సంఘస్థులకి వేరే పుస్తకం పెట్టుకునేవారు, ఆ పుస్తకానికి నకలు తీసి సముద్రం దాటించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. అది ఏ చర్చి బీరువాలో ఉందో అక్కడికే వెళ్ళి చూడాలి. మా బాబాయి రిటైర్డ్ సెకండరీ గ్రేడ్ టీచరు, చేతిరాత ఎంత అడ్డదిడ్డంగా ఉన్నా చదవగలడు, పైగా ఖాళీగా ఉన్నాడు. గుడివాడలో నా రైలే ఎక్కాడు, చంకలో ఫ్లాస్కు, జేబులో భూతద్దం.

గురువారం, బందరు

ఏ చర్చి అన్నది రాయను. అయ్యగారు మంచి మనిషి, వందనాలు చెప్పగానే లోపలికి పిలిచి కాఫీ ఇచ్చారు, కానీ పాత రిజిస్టర్ల మాట ఎత్తగానే మొహం చిన్నబుచ్చుకున్నారు. "నా ముందు వచ్చినవాళ్ళు ఎవరెవరికి ఇచ్చారో, ఏవి పోయాయో నాకూ తెలీదండి, ఉన్నవి చూడండి" అని బీరువా తాళం తీశారు. అడుగు అరలో తడిసి ఆరిన కాగితాల వాసన. భూస్థాపనల రిజిస్టర్లో మనకి కావాల్సిన సంవత్సరాలే లేవు, 1860 నుంచి 1869 దాకా ఖాళీ, పుస్తకం ఆ తర్వాతే మొదలవుతుంది. నాకు అప్పటికే నీరసం వచ్చింది. బాబాయి మాత్రం "చచ్చిన పుస్తకం లేకపోతే పుట్టిన పుస్తకం ఉంటుందిగా" అని బాప్తిస్మాల రిజిస్టరు ముందుకి లాక్కున్నాడు.

ఇలాంటి వెతుకులాటలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఇది గట్టిగా చెప్పాలి. చనిపోయినవాళ్ళ కోసం వెతికేటప్పుడు వాళ్ళ పిల్లల బాప్తిస్మాలు ముందు చూడండి. ఇంగ్లీషు చర్చి ఫారంలో గళ్ళు అచ్చేసి ఉంటాయి. బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, నివాసం, వృత్తి, బాప్తిస్మం ఇచ్చినవారి సంతకం. మన వాళ్ళకి అందులో ఇంటిపేరు ఉండదు, అందరూ ఒంటి పేర్లే, ఒకే పేజీలో ముగ్గురు యోహానులు, నలుగురు మరియమ్మలు. తండ్రి పేరు ఒక్కదాన్నీ పట్టుకుంటే ఎక్కడికీ తేలం. తల్లి పేరు కలిపి చూడాలి. మా అదృష్టం కొద్దీ బందరు తాత భార్యది కొంచెం అరుదైన పేరు, బైబిల్లో కూడా ఒక్క చోటే వస్తుంది.

మధ్యాహ్నం రెండున్నరకి దొరికింది. 1867. సిరా గోధుమరంగుకి తిరిగి, పేజీ మధ్యలో పురుగు తొలిచిన చిల్లు పక్క పేజీ దాకా పోయింది, ఆ చిల్లు అదృష్టవశాత్తూ పాదిరీ సంతకంలో పడింది గానీ పేర్లలో పడలేదు. బిడ్డ పేరు మా ముత్తాత తండ్రిదే. తల్లి పేరు ఆవిడదే. తండ్రి వృత్తి 'రీడర్', అంటే మిషన్ ఉద్యోగాల్లో ఉపదేశి కంటే ఒక మెట్టు కింద. నివాసం గడిలో బందరు లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో 'డుమగూడియం' అని ఉంది.

నేను అదేదో బందరు చుట్టుపక్కల పల్లె అనుకుని ఫోన్లో మ్యాపు తెరిచాను. బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ "దుమ్ముగూడెం రా, భద్రాచలం అవతల" అన్నాడు. అక్కడుండేవాళ్ళ బిడ్డకి బాప్తిస్మం ఇక్కడెందుకు ఇచ్చారని నేనడిగితే నావైపు జాలిగా చూశాడు. "పురిటికి పుట్టింటికి వచ్చింది. ఇంకెందుకొస్తుంది?"

అయ్యగారు కూడా ఉత్సాహం వచ్చి పక్కన కుర్చీ వేసుకున్నారు. సాయంత్రం లైట్లు వేశాక భూస్థాపనల పుస్తకంలో ఇంకొకటి కనిపించింది. 1870, అదే తల్లి, ఐదేళ్ళ ఆడపిల్ల, తండ్రి పేరు ముందు 'కీర్తిశేషులు' అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాట. ఇలాంటి పిల్ల ఒకతి ఉండేదని మా ఇంట్లో ఎవరికీ తెలీదు. పేరు మాత్రం మా మేనత్త పేరే. బాబాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత ఫ్లాస్కులో టీ పోసుకున్నాడు. మొత్తానికి 1867కీ 1870కీ మధ్యలో బందరు తాత పోయాడు, భార్య పిల్లల్ని తీసుకుని పుట్టింటికి తిరిగొచ్చేసింది. ఆయన పోయింది బందర్లో కాదు.

శుక్రవారం, బందరు, బెజవాడ

పొద్దున్నే ఆ పిల్ల సమాధి ఏమైనా కనబడుతుందేమోనని సమాధుల తోటకి వెళ్ళాం. మన వాళ్ళ పాత సమాధులు మట్టి దిబ్బలే కదా, నూటయాభై ఏళ్ళలో ఒకదాని మీద ఒకటి ఎన్ని వచ్చాయో. కనబడలేదు, కనబడుతుందని అనుకోలేదు కూడా.

బందర్లో రాయి ఉన్న సమాధులకి కొదవ లేదు, అది వేరే సంగతి. డచ్చివాళ్ళ సమాధులున్నాయి, వంశ చిహ్నాలు చెక్కిన పెద్ద పెద్ద నల్లరాతి పలకలు, పురావస్తు శాఖ వాళ్ళ బోర్డు. సెయింట్ మేరీస్ చర్చి అయితే ఏకంగా ఒక సమాధి కోసం కట్టిందే అంటారు. జాన్ పేటర్ అనే కంపెనీ సైనికాధికారి అరబెల్లా అనే అమ్మాయిని ప్రేమించాడట, పెళ్ళి కాకముందే ఆమె చనిపోతే చర్చి స్థలంలో పూడ్చడానికి పాదిరీ ఒప్పుకోలేదట, అయితే చర్చే ఆమె మీద కడతానని ఈయన సొంత డబ్బుతో కట్టించాడట. కథలో ఎంత నిజమో ఎవరికి వాళ్ళు తేల్చుకోవచ్చు గానీ చర్చి నిజం, అందులో ఆమె పేరున్న రాయి నిజం. నెలకి నాలుగు రూకల జీతగాడికి రాయి ఎవరు వేయిస్తారు అని బాబాయి గొణిగాడు. బందరు లడ్డు రెండు కిలోలు కట్టించుకుని బస్సెక్కాం, బెజవాడలో ఖాళీ చేతులతో గుమ్మం ఎక్కలేం.

బెజవాడలో మా నాన్నకి వరసకి అక్క అయ్యే అత్తయ్య ఉంది, ఎనభై దాటింది, చెవులు సరిగా వినబడవు గానీ వంశం మొత్తం నోటిమీదే ఉంటుంది. అత్తయ్య దగ్గర కుటుంబ బైబిలు ఉంది. ఆ బైబిలు గురించి ముందే ఎందుకు చెప్పలేదు అని బాబాయి మీద అరిచాను, "నువ్వడిగావా" అన్నాడు. మా పాత క్రైస్తవ కుటుంబాల్లో పుట్టుకలూ పెళ్ళిళ్ళూ చావులూ బైబిలు మొదటి ఖాళీ పేజీల్లో రాసుకోవడం మామూలే, పాస్టర్ల రిజిస్టర్లు పోయినచోట ఇవి పనికొస్తాయి. ఇది మా ముత్తాత చేత్తో రాసింది, వాళ్ళ నాన్న చెబితే రాసుకున్నాడట. పై నుంచి మూడో వరస.

"విభవ నామ సం. కార్తీక మాసమందు మన్యములో జ్వరముచేత ప్రభువునందు నిద్రించెను."

ఊరి పేరు లేదు, ఇంగ్లీషు సంవత్సరం లేదు. అరవయ్యేళ్ళకోసారి వచ్చే సంవత్సరం కాబట్టి విభవ అంటే 1808 అవ్వాలి, 1868 అవ్వాలి, 1928 అవ్వాలి. రిజిస్టర్ల ప్రకారం 1867కీ 1870కీ మధ్య కాబట్టి 1868 తప్ప ఇంకోటి కుదరదు. కార్తీకం అంటే ఆ ఏడాది చివర, వానలు వెనకపట్టాక మన్యంలో జ్వరాలు ముదిరే రోజులు. మలేరియా అనుకోండి. దోమ వల్ల వస్తుందని అప్పటికి ఎవరికీ తెలీదు, రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో అది పట్టుకున్నది 1897లో.

ఇక్కడ ఒకటి నా బుర్రలో తిరుగుతూనే ఉంది. అదే విభవలో, 1868 ఆగస్టు 18న, సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త మన గుంటూరు వచ్చాడు. ఆ గ్రహణం నాడు సూర్యకాంతిలో కనబడిన పసుపు గీతే తర్వాత హీలియం అని తేలింది. ఆ రోజు గుంటూరులో ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి చీకటి పడిందో సెకన్లతో సహా రాసి పెట్టారు. మూడు నెలల తర్వాత పోయిన మా పెద్దాయనకి మాసమొకటే మిగిలింది.

అత్తయ్య రాత్రి చేపల పులుసు పెట్టి, పొద్దున వెళ్ళేటప్పుడు ఆ పేజీ ఫొటో తీసుకోనిచ్చింది, బైబిలు మాత్రం చేతిలోంచి వదల్లేదు.

శనివారం, బస్సులో

తిరువూరు, కొత్తగూడెం, పాల్వంచ. ఎండ, బస్సులో సీటు పక్క ఇనప రాడ్డు, ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు. అయితే దారి పొడుగునా బాబాయీ నేనూ ఒకటే విషయం మీద వాదించుకున్నాం. బందర్లో రీడరుగా ఉన్నవాడు అంత దూరం అడవిలోకి ఎందుకెళ్ళాడు?

దానికి జవాబు గోదావరిలో ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయ్యాక కాటన్ దొర పక్షం వాళ్ళకి పెద్ద ఆశ పుట్టింది, గోదావరి పైకి పడవలూ స్టీమర్లూ నడిపించి నాగపూరు, బేరారు పత్తిని కాకినాడ రేవుకి దించాలని. అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి ఆగిపోయేసరికి ఆ తొందర ఇంకా పెరిగింది. నదిలో రాళ్ళు అడ్డుపడే చోట్లు ఉన్నాయి, వాటిలో మొదటిది దుమ్ముగూడెం, ఆ పైది ఇచ్చంపల్లి. దుమ్ముగూడెంలో ఆనకట్ట కట్టి, పక్కన కాలువ తవ్వి, లాకులు పెట్టే పని కెప్టెన్ హేగ్ అనే ఇంజనీరుది. ఈ హేగ్ భక్తిపరుడు, తన కూలీల కోసం, చుట్టూ ఉన్న కోయల కోసం చర్చి మిషనరీ సొసైటీ వాళ్ళని పిలిపించి అక్కడ మిషన్ పెట్టించాడు. ఆయన దగ్గర పనిచేసిన వెంకటరామరాజు అనే తెలుగాయన క్రైస్తవుడై ఆ మిషన్ పని భుజానేసుకున్నాడు. ఆ సొసైటీ తెలుగు మిషన్‌కి పుట్టినిల్లు బందరే. అక్కడ మనుషులు కావాలంటే ఇక్కణ్ణుంచే పంపాలి.

"కాలవ పడవే ఎక్కి ఉంటారు, బందరు కాలవ, ఏలూరు కాలవ, ఆ తర్వాత గోదారి" అని బాబాయి తేల్చేశాడు. గర్భిణి భార్య పురిటికి అదే దారిన కిందికి వచ్చి, బిడ్డని ఎత్తుకుని మళ్ళీ అదే దారిన పైకి వెళ్ళి, చివరికి భర్తని అక్కడ వదిలి మళ్ళీ కిందికి వచ్చిందన్నమాట. పాపికొండల మధ్య నుంచి. నేను ఇనప రాడ్డు గురించి నోరు మూసుకున్నాను.

ఆ లాకుల పని 1871లో ఆపేశారు, రైలొచ్చాక నది మీద డబ్బు పోయడం దండగని. మా పెద్దాయన దేని కోసం అంత దూరం వెళ్ళాడో అదే ఆగిపోయింది, ఆయన పోయిన మూడేళ్ళకి.

భద్రాచలం చుట్టుపక్కల రికార్డులు వెతికేవాళ్ళకి ఇంకో తలనొప్పి ఉంది. ఈ తాలూకా నిజాం నుంచి 1860లో ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో, అంటే నాగపూరు కింద, చేరింది. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీ గోదావరి జిల్లాకి వచ్చింది. 1959లో ఖమ్మం జిల్లాకి, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం. 1868లో ఇక్కడ చచ్చిపోయినవాడి కోసం మద్రాసు కాగితాలు ఒక్కటే తిప్పి లేదనుకుంటే కుదరదు, నాగపూరు వైపువి కూడా తిప్పాలి.

భద్రాచలంలో శనివారం, రూములన్నీ రామయ్య భక్తులతో నిండిపోయాయి. నాలుగు లాడ్జీలు తిరిగాక ఒక చోట దొరికింది, ఏసీ ఉందన్నారు, రిమోటు లేదు.

ఆదివారం, దుమ్ముగూడెం

ఆరాధన తొమ్మిదింటికి. భద్రాచలం నుంచి పాతిక కిలోమీటర్లు, షేరింగు ఆటోలో డ్రైవరుకి అటొకరు ఇటొకరు కూర్చుని వెళ్ళాం. ఊరు చేరేసరికి మొదటి కీర్తన అయిపోయింది. బయటి ఊరివాళ్ళం వచ్చామని అయ్యగారు ప్రకటనల్లో నిలబెట్టి పరిచయం చేయమన్నారు, బాబాయికి మైకు దొరికితే ఇంకేముంది, బందరు, బైబిలు, విభవ, మొత్తం కథ పది నిమిషాలు చెప్పాడు. దాని వల్ల మేలే జరిగింది. ఆరాధన అయ్యాక సగం సంఘం మా చుట్టూ మూగింది.

ఒక ముసలామె బల్ల మీద పరిచిన తెల్ల గుడ్డ అంచు నా చేతిలో పెట్టి చూపించింది, సన్నటి లేసు, మా అమ్మమ్మ అల్లింది బాబూ అంది. దుమ్ముగూడెం లేసుకి ఒకప్పుడు మంచి పేరుండేది, మిషనరీల ఇళ్ళ ఆడవాళ్ళు నేర్పించిన పని అది. 1870ల్లో ఇక్కడికొచ్చిన జాన్ కెయిన్ అనే మిషనరీ కోయల గురించి ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికలో వరసగా వ్యాసాలు రాశాడు, ఆ రోజుల్లో ఈ తాలూకా ఎలా ఉండేదో తెలియాలంటే అవి ఇప్పటికీ పనికొస్తాయి. కానీ ఆయన వచ్చేసరికి మా పెద్దాయన పోయాడు కాబట్టి అందులో మాకు దొరికేదేమీ లేదు.

రిజిస్టర్లు రేపు చూద్దాం, ముందు భోజనం చేయండి అన్నారు అయ్యగారు. భోజనం అయ్యాక సంఘంలో సమాధులు తవ్వే పెద్దాయన్ని తోడిచ్చి సమాధుల తోటకి పంపారు. కోయ మనిషి, భుజాన తువ్వాలు, మాట తక్కువ. ఇప్పచెట్ల కింద నుంచి నడిపించుకుంటూ తీసుకెళ్ళాడు. ఇంగ్లీషు చెక్కిన పాత రాళ్ళు కొన్ని మెట్ట మీద ఉన్నాయి, నాచు పట్టి ఒక్క పేరు కూడా పూర్తిగా చదవనివ్వలేదు. వాటి చుట్టూ ఈ కాలపు సిమెంటు సమాధులు, నీలం టైల్సు, శిలువలు, వాడిపోయిన కాగితం పూలు.

"పాత మనవాళ్ళు ఎక్కడ?" అని బాబాయి అడిగాడు.

ఆయన గడ్డంతో దిగువకి చూపించాడు. "ఏటి వైపు. దొరలు పైన, కూలోళ్ళు, బడి అయ్యోర్లు కింద. మా తాత చెప్పేవాడు."

దిగువకి దిగాం. అక్కడేమీ లేదు. ఒండ్రు మట్టి, దుబ్బు గడ్డి, ఎవరో వేసిన మిరప నారు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి వచ్చింది, ఇప్పటికీ అదే రికార్డు. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 53 అడుగులకి, దాన్నిబట్టి ఎంత నీరో ఊహించుకోండి. మళ్ళీ 2022 జూలైలో 71.3. ఎనభై ఆరులో నీళ్ళు తీశాక ఈ దిగువంతా నడుంలోతు బురద మేటవేసిందనీ, కొంత గట్టు నదిలోకి జారిపోయిందనీ పెద్దాయన చెప్పాడు. ఎంత పోయింది అంటే చెయ్యి చాపి నీళ్ళలో ఒక చోటు చూపించాడు. అక్కడ ఒక నాటు పడవ కట్టేసి ఉంది.

సాయంత్రం ఆనకట్టా పాత లాకూ చూశాం. నూటయాభై ఏళ్ళు దాటినా రాతి కట్టుబడి చెక్కుచెదరలేదు. ఒక్కో రాయి అంచు ఉలితో గీత గీసినట్టు తిన్నగా ఉంది, రాయికీ రాయికీ మధ్య గోరు కూడా పట్టదు. అన్ని రాళ్ళు చెక్కారు, మా వాళ్ళకి ఒక్కటి మిగల్లేదా అని బాబాయి గట్టు మీద నిలబడి తిట్టాడు. ఎవర్ని తిట్టాడో నాకు తెలీలేదు, హేగ్‌నేమో.

సోమవారం, దుమ్ముగూడెం, మళ్ళీ భద్రాచలం

అయ్యగారు రిజిస్టర్లు యూరియా సంచిలో చుట్టి, దాన్ని మళ్ళీ ఒక రేకు పెట్టెలో పెట్టి ఉంచారు. 2022 వరదలో తమ ఇంట్లో సామాన్లు వదిలేసి ఈ పెట్టె నెత్తిన పెట్టుకుని డాబా ఎక్కామని అయ్యగారి భార్య చెప్పింది. ఫొటోలు తీసుకోవచ్చు గానీ ఫ్లాష్ వెయ్యొద్దు, పేజీలు వేలికి తడి చేసి తిప్పొద్దు, అంతే షరతులు. టెన్షన్‌తో నా చేతులకే చెమట పడుతోంది, బాబాయి నన్ను పక్కకి జరిపి తనే తిప్పాడు.

1868 నవంబరు. వరస సంఖ్య, పేరు, వయసు 31, వృత్తి రీడర్, జబ్బు గడిలో ఫీవర్. పోయిన రోజూ భూస్థాపన రోజూ ఒకటే. ఎవరు పూడ్చారన్న గడిలో పాదిరీ సంతకం లేదు, ఎవరో మనవాడు తెలుగులో చేసిన పొడి సంతకం, కలం ఒత్తి పట్టుకుని రాసినట్టు అక్షరాలు పేజీ వెనక్కి దిగాయి. ఆ పేజీలో ఎనిమిది పేర్లుంటే ఆరింటికి ఫీవరే. ఒకే ఇంట్లో ఇద్దరు. కింద గడిలో కూలీ, పేరు తెలియదు, వయసు సుమారు 20, ఫీవర్.

సమాధి ఎక్కడన్నది ఆ పుస్తకంలో లేదు. ఈ రిజిస్టర్లలో అది ఉండదు, ఊరి పేరుతో ఆగిపోతాయి, వరసా గుంట నంబరూ రాసే అలవాటు అప్పటికి లేదు. ఇది తెలుసుకునే వెళ్ళినా, ఆ పేజీ మీద ఇంకేదో ఉంటుందని పై నుంచి కిందికి ఎన్నిసార్లు చూశానో. మిగిలినదల్లా సమాధులు తవ్వే పెద్దాయన చెప్పిన "బడి అయ్యోర్లు కింద" అన్న మాట. దాన్నిబట్టి బందరు తాత మిరపనారు కిందైనా ఉండాలి, గోదావరిలోనైనా ఉండాలి. నాకైతే ఆ మాట సంతకమున్న కాగితం కంటే తక్కువేమీ అనిపించలేదు. ఎవరు పైన, ఎవరు కింద అన్నది ఏ గడిలోనూ రాయలేదు, రాయకపోయినా ఊళ్ళో మూడు తరాలు గుర్తుంది.

ఇంకొక దారి మిగిలి ఉంది. చర్చి మిషనరీ సొసైటీ పాత ఉత్తరాలన్నీ ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ క్యాడ్‌బరీ లైబ్రరీలో ఉన్నాయి. మిషనరీలు ఏటా తమ పనివాళ్ళ గురించి నివేదిక రాసి పంపాలి, 1868 చివరి నివేదికలో మనిషి పోయాడన్న వాక్యం ఒక్కటైనా ఉండొచ్చు. భద్రాచలం తిరిగొచ్చే ఆటోలోనే మెయిలు టైపు చేశాను. బాబాయికి ఆ వాక్యం మీద ఆసక్తి లేదు, రాయి మీదే ఉంది. మెట్ట మీద దొరల రాళ్ళ పక్కనే, అదే వరసలో, అదే ఎత్తున ఒక రాయి వేయించాలట. చోటు ఇవ్వాలా వద్దా అన్నది సంఘ కమిటీ తేల్చాలి, వచ్చే ఆదివారం మాట్లాడతామన్నారు అయ్యగారు.

కమిటీ ఒప్పుకోకముందే బాబాయి భద్రాచలంలో రాళ్ళు చెక్కే కొట్లో కూర్చున్నాడు. నల్ల గ్రానైటు, రెండడుగులు బై అడుగున్నర, చెక్కడానికి అక్షరానికి ఇంత అని రేటు. సంవత్సరం దగ్గర మా ఇద్దరికీ పేచీ వచ్చింది, 1868 చాలని నేను, విభవ ఉండాల్సిందేనని ఆయన. చివరికి రెండూ వేయించాలని తేలింది. ఆ తర్వాత ఉన్నట్టుండి "ఆ పిల్ల పేరు కూడా రాయి" అన్నాడు. ఆ పిల్ల ఉన్నది బందర్లో కదా బాబాయ్ అంటే, "ఉండనీ, నాన్న దగ్గర పేరుంటే ఏం పోయింది?" అన్నాడు. కొట్టతను కాగితం మీద మళ్ళీ మొదట్నుంచీ లెక్కపెట్టి, వత్తులకి వేరే చార్జీ అన్నాడు. వత్తు అక్షరం ఎలా అవుతుందయ్యా, ముప్పై ఏళ్ళు పిల్లలకి గుణింతాలు చెప్పాను నేను అని బాబాయి లేచి నిలబడ్డాడు. పావుగంట తర్వాత వత్తులు వదిలేసేలా బేరం కుదిరింది. 500 అడ్వాన్సు ఇచ్చి రసీదు తీసుకున్నాం, కమిటీ నుంచి ఫోనొచ్చాకే ఉలి పెట్టాలని దాని వెనక బాబాయి తన చేత్తోనే రాసిచ్చాడు.